పెద్దమనుష్యుని కూలి
కూలి పుచ్చుకొని యాడువాఁడు ఆటగాఁడు, వేడుకకై యాడువాఁడు పెద్దమనుష్యుఁడు అని విక్టోరియా రాణినాఁటి ఆంగ్లేయుల క్రికెట్టు శాసించెను. ఆ పెద్దమనుష్యులలో అగ్రగణ్యుఁడు 1879లో వైద్యపట్టమందిన డబ్ల్యూ. జి. గ్రేసు. ఆతని బ్యాటు నేర్పును మేము కాదనము. ఆ బిరుదమునే ప్రశ్నించుచున్నాము. 1873-74లో ఆస్ట్రేలియా యాత్రకు గ్రేసు పుచ్చుకొన్నది 1,500 పౌనులు, ఖర్చులు వేఱు. వెంటవచ్చిన యొక్కొక్క ఆటగానికి ముట్టినది 170! ఓడలోను వీరికి రెండవ తరగతియే. 1895లో చందాల రూపమున ఆతనికి 9,000 పౌనులకు పైగా చేరెను. పుచ్చుకొనుట తప్పుగాదు, దినమెల్ల ఎండలో నిలిచినవానికి ప్రతిఫలము న్యాయమే. కాని తాను పుచ్చుకొనుచునే పుచ్చుకొననివాని పీఠమెక్కుటయు, దాఁపఱికము లేక పుచ్చుకొన్నవానిని వేఱు ద్వారమున మైదానమునకు నడిపించుటయు నేమి మర్యాద? దీనిని మర్యాద యనుటకు మాకు నోరాడదు. ఈ భేదము నెత్తివేయుటకు ఆ దేశపు క్రికెట్టు పెద్దలకు 1962 వఱకు తీరిక చిక్కలేదు.