ఏం కూర? : తిండి చిట్టా ఉద్యమ ప్రణాళిక

ఇద్దరు తెలుగువాళ్లు ఫోనులో మాట్లాడుకుంటే మూడో మాట కూర గురించే. "తిన్నావా? ఏం కూర?" బెంగళూరు హాస్టల్లో ఉన్న కొడుకునీ, డాలస్‌లో ఉన్న కూతుర్నీ, పక్క వీధిలోని వదిననీ అడిగేది ఇదే. జవాబు మాత్రం చాలాసార్లు సగమే వస్తుంది. "ఆఁ, తిన్నా. పప్పూ, వేపుడూ." ఆ పప్పు రెండు గరిటెలు, అన్నం నాలుగు హస్తాలు అని చెప్పం. సాయంత్రం ఆఫీసులో తిన్న సమోసాల సంగతి ఎత్తం. అందరికీ వండిపెట్టిన ఆవిడ రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకుందన్న మాట అసలే బయటికి రాదు.

ఆ ప్రశ్నను ఇకమీదట నిజంగా అడగాలనీ, నిజమే జవాబు చెప్పాలనీ మేం నిర్ణయించుకున్నాం. ఈ ప్రణాళిక అందుకే.

మేం రాజమండ్రిలో గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచే ఏడుగురం. ఒక టీచరమ్మ, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన బాబాయి, ఆయన భార్య, టైలరింగ్ షాపు నడిపే అక్క, ఒక బ్యాంకు ఉద్యోగి, ఇంటిపట్టునే ఉండే ఇంకో ఇల్లాలు, డిగ్రీ చదివే కుర్రాడు. డాక్టర్లం కాము. మాలో ముగ్గురికి షుగరు, ఇద్దరికి రక్తం తక్కువ, ఒకరికి బీపీ. కుర్రాడికి ఇంకా ఏమీ లేదు. మమ్మల్ని చూసి భయపడి చేరాడు.

1. మేం చూసింది

దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి 'ఇండియాబ్' సర్వే 2023లో లెక్క తేల్చింది. ఇంకో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో నిలబడి ఉన్నారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ రెండు లెక్కలూ వేర్వేరు ఇళ్లవి అనుకుంటే పొరపాటు. మా బాబాయికి షుగరు, పిన్నికి రక్తం తక్కువ. ఇద్దరి వంటా ఒకే పొయ్యి మీద.

మా జిల్లాలకు ఈ పాఠం కొత్తదేమీ కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మరపట్టిన పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పాతుకుపోయింది. బి1 విటమిను తవుడులోకి పోయింది, తవుడు గేదెలకు పోయింది, రోగం మనుషులకు మిగిలింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన బెరిబెరి విచారణే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఏం తినాలో దేశానికి చెప్పే సంస్థ పుట్టుకలోనే తెల్లబియ్యం కథ ఉంది. వందేళ్లు దాటినా మా కంచంలో ఆ తెల్లకొండ కరగలేదు.

మధ్యలో గాలులు చాలా వీచాయి. ఒక ఏడాది నూనె చుక్క ముట్టొద్దన్నారు. మరో ఏడాది నూనే తాగమన్నారు. అన్నం విషమన్నారు, కొర్రలు అమృతమన్నారు. ప్రతి గాలికీ మా వంటింట్లో డబ్బాలు మారాయి. మూడో నెలకు పాత డబ్బాలే తిరిగొచ్చాయి. ఏం తినాలో చెప్పినవాళ్లే అందరూ. "నిన్న ఏం తిన్నావు?" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

2. మేం నమ్మేది

కిరాణా కొట్టులో రోజు జరిగిన బేరం చిట్టాలో పడుతుంది. చిట్టాలోంచి పేరుపేరునా ఆవర్జాకు ఎక్కుతుంది. చిట్టా రాయని కొట్టు ఎప్పుడు మునిగిందో యజమానికే తెలియదు. ఒంటి వ్యాపారమూ అంతే.

మన జ్ఞాపకం మనవైపే మొగ్గుతుంది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదన్న పదిమందిని న్యూయార్క్‌లో పరిశోధకులు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు తిన్నదాన్ని సగటున 47 శాతం తగ్గించి, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెప్పారని తేలింది. వాళ్లెవరూ దొంగలు కారు. మనలాంటి వాళ్లే.

అమెరికాలోనే 2008లో వెలువడిన ఇంకో అధ్యయనంలో దాదాపు 1,700 మంది ఆరు నెలలపాటు పాల్గొన్నారు. ప్రతిరోజూ తిండి రాసుకున్నవాళ్లు అసలు రాయనివాళ్లకంటే సుమారు రెట్టింపు బరువు తగ్గారు. వాళ్లు ఒంటరిగా రాసుకోలేదని మేం గుర్తుపెట్టుకున్నాం. గుంపుగా క్రమం తప్పకుండా కలుసుకునేవారు.

రాసుకోవడంలోని బలం తెలుగు ఆడవాళ్లకు ఒకరు చెప్పాల్సింది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన చేతులే సారా కొట్టు మూయించాయి. ఆ తరవాత పల్లెపల్లెనా పుట్టిన పొదుపు సంఘాల్లో అందరి ముందూ పుస్తకం తెరిచి, ఎవరెంత కట్టారో పైకి చదివి, కింద సంతకం పెట్టించారు. మా పద్ధతి ఆ పుస్తకం నుంచి నేర్చుకున్నదే. డబ్బు బదులు తిండి రాస్తాం.

3. తిండి అని దేన్నంటాం

చేలోంచో, చెట్టు మీదనుంచో, పాడినుంచో, నీళ్లలోంచో వచ్చి, మన వంటింట్లోనే రూపం మార్చుకున్నది తిండి. దంపుడు బియ్యం, జొన్న రొట్టె, రాగి సంకటి, పొట్టు మినప్పప్పు, పెసరట్టు, ఉలవచారు, కంద బచ్చలి, పనసపొట్టు కూర, తోటకూర పప్పు, చేపల పులుసు, గుడ్డు, మజ్జిగ, వేరుశనగలు, జామకాయ, తేగలు. వీటిలో దేనికీ ప్రకటన అక్కర్లేదు.

పొట్లం వెనక చదివినప్పుడు మన వంటింటి డబ్బాల్లో లేని పేర్లు వరసగా కనిపిస్తే అది ఫ్యాక్టరీ తిండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో 2019లో ఇరవైమందికి రెండు వారాలు అలాంటి తిండీ, రెండు వారాలు మామూలు వంటా పెట్టారు. వాళ్ల ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండువైపులా సమానమే. ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి వంతు వచ్చినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. నాలుకమీద అదుపు లేదని ఇన్నాళ్లూ మనల్ని మనం తిట్టుకున్నాం. తప్పు కొంత పొట్లానిదీ ఉంది.

మాకు కొలమానం తార్నాక పోషకాహార సంస్థదే. రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400, పళ్లు 100, పప్పులు 85 అని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవన్నీ వండకముందు తూకాలు. అంటే కూర అన్నంలో నంజుకునే స్థాయి నుంచి ఎదగాలి. అన్నంలో కూర కలుపుకోవడం మాని, కూరలో అన్నం కలుపుకోవాలి.

4. చిట్టా రాసే తీరు

చవక పెన్నుతోనైనా ఫోనులోనైనా రోజుకు ఐదు గీతలు చాలు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఒంటికి పని.

తిన్న వెంటనే రాయాలి. రాత్రికి వాయిదా వేస్తే పకోడీలు మాయమవుతాయి.

గరిటె, హస్తం, గ్లాసు, పిడికెడు, ముక్క. మా కొలతలు ఇవే. కేలరీలు లెక్కపెట్టం. బరువు చిట్టాకు ఎక్కదు.

ఎవరితో తిన్నామో, ఏది చూస్తూ తిన్నామో కూడా ఒక మాట రాస్తాం. "టీవీ ముందు" అన్న మాట మా చిట్టాల్లో వేపుళ్ల పక్కనే పడుతోందని రెండో వారానికే కనిపెట్టాం.

తప్పిన రోజును ఖాళీగా వదలం. "పెళ్లి. లెక్క తెలీదు. బాగుంది." ఇదీ చిట్టాయే.

ఒంటికి పని అన్న గీతలో నడక, సైకిలు, మేడ మెట్లు, తోటపని, ఇల్లు కడగడం అన్నీ వస్తాయి. వారానికి కనీసం 150 నిమిషాలు చెమటపట్టే పని, రెండు రోజులు కండరాలకు పని అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మల్లయోధుడు కోడి రామ్మూర్తినాయుడు పుట్టిన నేల మీద దండీలకూ బస్కీలకూ జిమ్ము ఫీజు కట్టనక్కర్లేదు. బడిలో శిక్షగా తీసిన గుంజీలు ఇప్పుడు ఇష్టంగా తీస్తాం. మోకాళ్లు మొరాయించేవాళ్లు కుర్చీ పట్టుకుని లేచి కూర్చుంటారు.

5. పంక్తి

ఐదుగురి నుంచి ఎనిమిదిమంది వరకూ ఒక పంక్తి. అంతకు మించితే ఎవరి చిట్టా ఎవరూ చదవరు. తొమ్మిదో మనిషి వస్తే ఇంకో పంక్తికి పునాది పడినట్టు.

పంక్తి అన్న మాటను తెలిసే ఎంచుకున్నాం. ఒకప్పుడు అది మనుషుల్ని విడదీసిన గీత. ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో చెప్పిన గీత. ఇక్కడ కోడి, చేప, గొడ్డుమాంసం, ఉల్లి లేని వంట, అన్నీ ఒకే పుస్తకంలో ఒకే సిరాతో పడతాయి. కంచం చూసి కులం వెతికే చోట ఎవరూ నిజం రాయరు. నిజం రాయని చిట్టా మాకు పనికిరాదు.

రోజూ ఒకరి చిట్టాకు ఇంకొకరు ఒక్క మాటైనా రాయాలి. ఆదివారం పొద్దున్న నడక అయ్యాక గట్టుమీద కూర్చుని వారం మొత్తం ఆవర్జాకు ఎక్కిస్తాం: ఆకుకూర ఎన్ని పూటలు, పొట్లం తిండి ఎన్ని పూటలు, నడక ఎన్ని రోజులు. ఎవరి ఆవర్జా వాళ్లే పైకి చదువుతారు.

ఈ పద్ధతి మాకేం చేసిందో రెండు ముక్కల్లో చెబుతాం. కుర్రాడు ఒక రాత్రి "11 గంటలు. నూడుల్స్, రెండు పొట్లాలు" అని రాశాడు. టైలరింగ్ అక్క జవాబు: "రేపు నడక అయ్యాక షాపుకు రా తమ్ముడూ, పెసరట్టు వేస్తా." అంతే. ఉపన్యాసం లేదు.

పిన్ని మొదటివారం చిట్టాలో "మిగిలిన కూర" అని ఐదుసార్లు, "కూర అయిపోయింది" అని రెండుసార్లు ఉంది. ఆదివారం ఆవిడ మామూలుగానే చదివేసింది. బాబాయి తల దించుకున్నాడు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆయన చూడనిది ఒక పుస్తకం చూపించింది. ఆ రాత్రి నుంచి వాళ్లింట్లో రెండు కంచాలూ ఒకేసారి పెడుతున్నారు. చిట్టా ఎక్కువ తిన్నవాళ్లను పట్టుకోవడానికే అనుకున్న మాకు, తిననివాళ్లు అందులో ముందు కనపడ్డారు.

6. పంక్తిలో నిషేధాలు

"లావయ్యావు", "చిక్కిపోయావేంటి", ఈ రెండు పలకరింపులూ నిషేధం.

"నే చెప్పానా?" నిషేధం. అడగని సలహా నిషేధం.

ఇంకొకరి చిట్టా పంక్తి దాటి పోకూడదు. ఫొటో తీసి బంధువులకు పంపితే పంక్తి నుంచి సెలవు.

పొడులు, మాత్రలు, డబ్బాలు అమ్మడానికి వచ్చినవాళ్లకు నమస్కారం పెట్టి పంపేస్తాం.

మందు మానమని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు తిండి మార్చేముందు డాక్టరును అడగాలి. రాయడంవల్ల తిండిమీద భయమో అసహ్యమో పెరుగుతున్నవాళ్లు పుస్తకం మూసేయాలి. వాళ్లు నడకకు రావచ్చు, పంక్తి వాళ్లదే.

7. మా కోరికలు

ఇంటిని కోరేది: వండినవాళ్లు అందరితోపాటే కూర్చోవాలి. కూర గిన్నెలో వాళ్ల వంతు ముందే పక్కన పెట్టాలి.

విందు చేసేవాళ్లను కోరేది: "నామీద ఒట్టు, ఇంకొక్కటి" అని కొసరి కొసరి వడ్డించడం మానాలి. ఒకసారి అడగడం మర్యాద. వద్దన్న తరవాత విస్తట్లో పడేసేది ప్రేమ కాదు, పెత్తనం.

హోటళ్లను కోరేది: భోజనంలో అన్నానికి హద్దు లేనప్పుడు ఆకుకూర పప్పుకూ హద్దు ఉండకూడదు.

మునిసిపాలిటీని కోరేది: నడవడానికి ఫుట్‌పాతు. బండి పెట్టనిది, గుంత లేనిది, రాత్రి దీపం వెలిగేది.

ప్రభుత్వాన్ని కోరేది: చిరుధాన్యాల సంవత్సరం 2023తో అయిపోయింది, చిరుధాన్యాల అవసరం అయిపోలేదు. రేషన్ కొట్టులో తెల్లబియ్యంతోపాటు జొన్న, రాగి, కందిపప్పు ఏడాది పొడుగునా దొరకాలి. పేదవాడికి బియ్యమే చౌకగా పెట్టి, చిట్టాలో అన్నం ఎక్కువైందని అతన్ని నిందించడం అన్యాయం.

8. మొదలు

దీక్షలకు మనకో లెక్క ఉంది: ఒక మండలం. కొత్త పంక్తి నలభై రోజులు రాస్తానని మాట ఇచ్చుకుంటుంది. మొదటి పదిరోజులూ ఏమీ మార్చొద్దు, ఉన్నది ఉన్నట్టు రాయండి. పదకొండో రోజున మీ చిట్టాయే మీకు మొదటి సలహా ఇస్తుంది. ఆ ఒక్కటి మార్చండి. మా బ్యాంకు మిత్రుడికి అది రోజుకు ఆరు టీల పంచదార. టీచరమ్మకు స్టాఫ్ రూము బిస్కెట్లు.

చందా లేదు, అధ్యక్షులు లేరు, బోర్డు లేదు. ఎవరైనా మీరెవరని అడిగితే తిండి చిట్టా రాసేవాళ్లం అనండి.

ఇది ముగించేముందు ఇవాళ్టి మా పుస్తకం ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాం. పొద్దున: నలుగురికి పెసరట్టు, ఒకరికి రాగిజావ, ఇద్దరికి ఇడ్లీ. మధ్యాహ్నం: ఆనపకాయ పప్పు, తోటకూర వేపుడు, పెరుగు, బాబాయి అన్నం రెండు హస్తాలు, పోయిన నెలలో నాలుగు. సాయంత్రం: ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చిన పూతరేకులు, తలా ఒకటి, టీచరమ్మ రెండు, "తెలిసే తిన్నాను" అన్న వివరణతో. ఒంటికి పని: ఏడుగురిలో ఆరుగురు నడిచారు, అక్కకు పెళ్లి బ్లౌజుల తొందర.

రాత్రి గీతలో ఐదుగురివే ఉన్నాయి. తొమ్మిదిన్నర అయింది. ఇద్దరు ఇంకా రాయలేదు. ఫోను చేస్తున్నాం. ఏమడుగుతామో వాళ్లకు తెలుసు.