సెల్ఫ్ కొడితే కర్రుమంటోందా? కారణం చెప్పగలిగితే కొలువే!

తెల్లవారుజామున కైకలూరు దగ్గర ఓ చెరువు గట్టు. ఐసు వేసిన చేపల ట్రేలతో వ్యాను సిద్ధంగా ఉంది. డ్రైవరు తాళం తిప్పితే ఇంజిన్ అందుకోలేదు, 'కర్ర్‌ర్' మని పళ్లు గీసుకున్న చప్పుడొచ్చింది. ఐసు కరిగేలోగా బండి కదలాలి. అప్పుడు యజమానికి కావాల్సింది ఆ చప్పుడు విని కారణం చెప్పగలిగే మనిషి. కొల్లేరు చుట్టూ ఇన్ని బండ్లు తిరుగుతున్నా, మన కుర్రాళ్లలో ఎంతమంది ఈ పనిని ఉద్యోగంగా చూస్తున్నారు?

చప్పుడు ఎక్కడిది?

మనం 'సెల్ఫ్' అనే స్టార్టర్ మోటారులో పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. తాళం తిప్పగానే సొలినాయిడ్ దాన్ని ముందుకు తోస్తుంది. అది ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేరు పళ్లలో పడి ఇంజిన్‌ను తిప్పుతుంది. ఇంజిన్ అందుకోగానే వెనక్కి వచ్చేయాలి. ఈ రెండు చక్రాలు సరిగ్గా కలవకపోయినా, సమయానికి విడిపోకపోయినా కర్రుమంటుంది.

ఎప్పుడు వస్తోందో వినండి

తాళం తిప్పిన క్షణంలోనే గీసుకుంటే పినియన్ పళ్లు అరిగాయా, మోటారు బోల్టులు వదులయ్యాయా అని చూడాలి. ఇంజిన్ అందుకున్నాక కూడా చప్పుడు ఆగకపోతే పినియన్ వెనక్కి రావడం లేదని అర్థం. మోటారు 'జుయ్'మని తిరుగుతున్నా ఇంజిన్ కదలకపోతే ఫ్రీవీల్ క్లచ్ జారుతోందని అనుమానించాలి. 'టక్ టక్' మంటే ముందు బ్యాటరీ, టెర్మినళ్లు చూడాలి.

చప్పుడు ఒక్కోసారే వస్తోందా? నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆగినప్పుడల్లా దాదాపు అవే చోట్ల ఆగుతుంది. దాంతో రింగ్ గేరు పళ్లు అక్కడే ఎక్కువ అరుగుతాయి. మాన్యువల్ గేర్ల బండి అయితే ఇగ్నిషన్ ఆపి, టాప్ గేరులో వేసి కొంచెం ముందుకు నెట్టి, న్యూట్రల్‌కు తెచ్చి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. చప్పుడు పోతే రింగ్ గేరు మీద అనుమానం బలపడినట్టే.

విప్పేముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయడం తప్పనిసరి. మోటారు దించి పినియన్ చూడాలి. ఇంజిన్‌ను చేత్తో తిప్పుతూ ఆ రంధ్రంలోంచి టార్చి వేసి రింగ్ గేరు పళ్లన్నీ చూడాలి. బోల్టులు వదులైతే బిగిస్తే చాలు. పినియన్ అరిగితే అదో, మోటారో మార్చాలి. రింగ్ గేరు పాడైతే గేర్‌బాక్స్ దించాల్సిందే. ఇది చూడకుండా కొత్త మోటారు బిగిస్తే కొన్నాళ్లకే దాని పళ్లూ పోతాయి. కస్టమరు రెండుసార్లు డబ్బు కడతాడు, షెడ్డు పేరు పోతుంది.

విద్యుత్ బండ్లొస్తే?

విద్యుత్ కార్లకు సెల్ఫ్ మోటారే ఉండదు, నిజమే. కానీ ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఇవాళ కొన్న పెట్రోలు కారు 2040 దాటేదాకా రోడ్డు మీద ఉండొచ్చు. పైగా వోల్టేజీ కొలవడం, తీగ వెంబడి వెతకడం, అనుమానాలను ఒక్కొక్కటిగా తీసేయడం విద్యుత్ బండికీ పనికొచ్చే అలవాట్లే. వరదలూ ఈ పనిని పెంచుతున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు మునిగాయి. ఆ వాగు చివరికి కలిసేది కొల్లేరులోనే. బురద నీరు తాగిన మోటారును విప్పి, శుభ్రం చేసి, ఆరబెట్టి పరీక్షించాలంటే పని తెలిసిన చేతులు కావాలి.

మీరేం చేయాలి?

2025 మేలో కేంద్రం వెయ్యి ప్రభుత్వ ఐటీఐల ఆధునికీకరణకు రూ.60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. యంత్రాలు రావచ్చు, చెవిని మాత్రం మనమే పదును పెట్టుకోవాలి. పదో తరగతి తర్వాత మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడు, మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడు. చేరేముందు ఆ ఐటీఐలో నడిచే ఇంజిన్ ఉందా, విద్యార్థులతో విప్పిస్తారా అని సీనియర్లను అడగండి. పూర్తయ్యాక అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకుని స్టైపెండ్‌తో షోరూములో నేర్చుకోవచ్చు. డిగ్రీ చదివేవారికీ సర్వీస్ అడ్వైజర్ కొలువులున్నాయి. అక్కడ కస్టమరు చెప్పే చప్పుడును సరిగ్గా జాబ్ కార్డు మీద రాయడమే సగం పని.

ఇంటర్వ్యూలో 'బండి స్టార్ట్ కాకపోతే ఏం చేస్తారు?' అని అడిగితే 'మోటారు మారుస్తా' అనకండి. 'చప్పుడు ఎప్పుడొస్తోంది సార్?' అని అడగండి. పని తెలిసినవాడి మొదటి మాట అదే.