సిలువ ఎవరి భుజం మీద?

చింతామణి తాలూకాలోని ఒక పల్లెలో యువజన కూడిక జరుగుతోంది. వెనక వరుసలోని కుర్రవాడు లేచి మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, దాసులు యజమానులకు లోబడి ఉండాలని బైబిల్లోనే రాసి ఉంది కదా. మరి మా తాత రెడ్డిగారి ఇంట్లో జీతం చేసింది దేవుని చిత్తమేనా?"

మేము నోరు తెరిచేలోపే ఒక పెద్దాయన అందుకున్నారు. "వాక్యాన్ని ప్రశ్నించకూడదు బాబూ" అన్నారు. కుర్రవాడు కూర్చున్నాడు. అతడు మళ్లీ కూడికకు వస్తాడో రాడో అన్న భయం ఆ రాత్రి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ప్రియులారా, ఈ ప్రాంతంలో జీతం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పెళ్లికో జబ్బుకో అప్పు చేస్తే, ఆ అప్పు కింద కొడుకు భూస్వామి పశువుల కొట్టంలో చేరేవాడు. వడ్డీ తీరేది కాదు, వాడు తిరిగి వచ్చేవాడు కాదు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. అటువంటి నేల మీద నిలబడి ఎఫెసీ 6:5, మొదటి పేతురు 2:18 చదివేటప్పుడు, ఆ మాటలు ఎవరి చెవిన ఎలా పడుతున్నాయో చూడవలసిన బాధ్యత బోధకుడిదే.

వాక్యాన్ని ఇలా వాడుకున్నవాళ్లు లోకంలో ఇంకా ఉన్నారు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిలు అచ్చువేశారు. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథ తీసేశారు. యజమానులకు లోబడమన్న మాట మాత్రం ఉంచారు. మనం కత్తెర పట్టుకోలేదు, నిజమే. కానీ నిర్గమకాండం చెప్పకుండా ఎఫెసీ పత్రిక మాత్రమే చెప్పే ప్రసంగం ఆ కత్తెర పనే చేస్తుంది.

మరి కష్టమైన వాక్యాన్ని ఎలా చదవాలి? ప్రభువే దారి చూపించాడు. ధర్మశాస్త్రమూ ప్రవక్తల మాటలూ అన్నీ దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి ప్రేమించడం అనే రెండు ఆజ్ఞల మీదే ఆధారపడి ఉన్నాయన్నాడు (మత్తయి 22:37-40). ఈ రెండు ప్రేమలనూ పెంచని వ్యాఖ్యానం చేసేవాడికి లేఖనం ఇంకా అర్థం కాలేదని అగస్టీను పదహారు వందల ఏళ్ల కిందటే రాశాడు.

"ప్రేమ పేరు చెప్పి మీకు నచ్చిన వాక్యాలే ఏరుకుంటున్నారు" అని కొందరు సహోదరులు మమ్మల్ని తప్పుపడతారు. ప్రేమ అంటే మెత్తదనమైతే వాళ్ల మాట నిజమే. కానీ క్రీస్తు ప్రేమకు ఒక ఆనవాలు ఉంది. ఆయన తనకున్నదాన్ని విడిచి, దాసుని రూపం ధరించి కిందికి దిగాడు (ఫిలిప్పీ 2:6-8). కాబట్టి మేము చెప్పే అర్థం వల్ల నష్టపోయేది ఎవరని మమ్మల్ని మేమే అడగాలి. బోధకుడికి ఏ ఖర్చూ లేకుండా, వినేవాడి వీపు మీదే బరువు పెట్టే అర్థాన్ని అనుమానించాలి. శాస్త్రులు చేసింది ఆ పనే అని మత్తయి 23:4లో ప్రభువు గద్దించాడు.

ఫిలేమోను పత్రిక చూడండి. ఒనేసిము దాసుడు. పౌలు అతణ్ణి తిరిగి పంపుతూ, ఇకమీదట దాసుడిగా కాక ప్రియ సహోదరుడిగా చేర్చుకొమ్మంటాడు. అతని అప్పు ఏమైనా ఉంటే తన లెక్కలో రాసుకొమ్మంటాడు. అప్పు కోసం కొడుకుల్ని పోగొట్టుకున్న మన పల్లెల్లో ఈ మాట ఎంత బలంగా మోగాలి! అక్కడ త్యాగం చేయమని అడిగింది యజమానిని. అప్పు మోస్తానన్నది అపొస్తలుడు.

ఇక మా తప్పు కూడా చెప్పుకోవాలి. సేవ మొదలుపెట్టిన రోజుల్లో, భర్త కొట్టాడని ఏడుస్తూ వచ్చిన ఒక అక్కతో, "సిలువ మోయాలమ్మా, ఓర్చుకో" అన్నాం. ఆ సిలువ ఆమె చేతికిచ్చింది ప్రభువు కాదు, మేము. ఉపేక్షించుకొమ్మని చెప్పవలసింది ఆ భర్తకు. ఆయన మా సంఘంలో ముందు బెంచీలో కూర్చునేవాడు గనుక మాకు నోరు రాలేదు.

రెండో చెంప చూపమన్న వాక్యాన్నీ ఇలాగే వాడుతున్నాం. ప్రధాన యాజకుని ముందు చెంపదెబ్బ తిన్నప్పుడు ఎందుకు కొట్టావని యేసే అడిగాడు (యోహాను 18:23). ఫిలిప్పీ చెరసాల నుంచి గుట్టుగా వెళ్లిపొమ్మంటే, అధికారులే వచ్చి బయటికి తీసుకెళ్లాలని పౌలు పట్టుబట్టాడు. పగ తీర్చుకోకపోవడం వేరు, న్యాయం అడగకపోవడం వేరు.

ఈ తేడా మనకు కంబాలపల్లి నేర్పాలి. 2000 మార్చి 11న ఇదే చింతామణి తాలూకాలో ఏడుగురు దళితులను ఇళ్లలో సజీవంగా తగలబెట్టారు. సాక్షులు మాట మార్చారు. 2006లో కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014లో హైకోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. సమరయ ఊరి మీద అగ్ని కురిపించమంటావా అని అడిగిన శిష్యులకు ఏలీయా కథ గుర్తుండే ఉంటుంది. యేసు వాళ్లను గద్దించాడు (లూకా 9:54-55). అగ్ని కోరేవాళ్లను ఆయన గద్దిస్తే, అగ్నికి ఆహుతైనవాళ్ల గురించి ఆయన సంఘం ఎన్ని ఆదివారాలు ప్రార్థించింది?

2021 డిసెంబరులో చిక్కబళ్లాపురం జిల్లా సూసైపాళ్యలో క్యాథలిక్ సహోదరుల చర్చి దగ్గర పునీత అంతోని విగ్రహాన్ని పగలగొట్టారు. మనమంతా బాధపడ్డాం, న్యాయం కావాలన్నాం. అది సరైనదే. విగ్రహం కోసం లేచిన గొంతు మనుషుల కోసం కూడా అంతే గట్టిగా లేవాలి. వాళ్లు మన సంఘస్థులా కాదా అని చూడడం మంచి సమరయుని కథ విన్నవాళ్లకు తగదు.

యువతీయువకులారా, ప్రశ్నలు అడగండి. పెద్దలారా, వాళ్లను కూర్చోబెట్టకండి. ఆ కుర్రవాడి ఇంటికి మేము మరుసటి వారం వెళ్లాం. "మీ తాత జీతం చేయడం దేవుని చిత్తం కాదు నాయనా. ఆ రోజుల్లో ఆ అప్పు తన లెక్కలో రాసుకొమ్మనే సంఘం ఈ ఊళ్లో లేకపోవడం మన పాపం" అన్నాం. అతడు ఏమీ అనలేదు. వాళ్ల నాయనమ్మ మాత్రం మాకు చాప పరిచి, తాత ఎన్నేళ్లు జీతం చేశాడో వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మేము బైబిలు మూసి పక్కన పెట్టి విన్నాం.