ప్రయోగాలకు ఫీజు వసూలు చేయడం ఆపించాలి

తల్లిదండ్రులారా, రోగుల బంధువులారా!

ఆటిజం తగ్గుతుందని, వెన్ను దెబ్బతిన్నవాళ్లు లేచి నడుస్తారని ఆశపెట్టి స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు అమ్ముతున్నారు. బిడ్డ కోసం ఇల్లు తాకట్టు పెట్టడానికైనా సిద్ధపడే మీ ప్రేమే వాళ్లకు పెట్టుబడి.

మూలకణాల వైద్యం బూటకమని మేం అనడం లేదు. దాని మేలు హైదరాబాద్‌లోనే చూడొచ్చు. కిళ్లీ సున్నం ప్యాకెట్‌తో ఆడుకునే పిల్లల కంట్లో ఆ సున్నం చిమ్మితే నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు చచ్చిపోతాయి. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా మీదికి రక్తనాళాలు పాకి చూపు మూసుకుపోతుంది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం, బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, సన్నని తునకలు చేసి, మాయపొర పరిచిన రెండో కంటిపై అతికించే పద్ధతిని 2012లో ప్రకటించింది. కణాలు పెంచే ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. ఫలితాలను తోటి వైద్యులు పరిశీలించేలా ప్రచురించారు. నమ్మకం అలా సంపాదించుకోవాలి.

దీనికి భిన్నంగా, అమెరికాలోని ఫ్లోరిడాలో 2015లో ముగ్గురు వృద్ధ స్త్రీల పొట్ట కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఒకే రోజు ఎక్కించారు. ఒక్కొక్కరి దగ్గర 5,000 డాలర్లు తీసుకున్నారు. ముగ్గురి చూపూ దాదాపుగా పోయింది. ఆ చికిత్స పేరుతో ఒక అధ్యయనం అక్కడి ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ జాబితాలో నమోదైంది కూడా! కాబట్టి ఎవరైనా రిజిస్ట్రేషన్ నంబరు చూపించగానే నమ్మేయకండి.

మన దేశంలో నియమం స్పష్టంగానే ఉంది. తలసేమియా, లుకేమియా వంటి రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి స్థిరపడిన వైద్యం. ఆటిజానికో, వెన్నెముక గాయానికో కణాలు ఎక్కించడం ఇంకా ప్రయోగమే. అనుమతి పొందిన ట్రయల్‌లో తప్ప చేయకూడదని, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాగితం మీది ఆ మాటను అమలు చేయించాల్సింది ప్రభుత్వాలే.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జిల్లా వైద్యాధికారులు ఈ క్లినిక్‌లను తనిఖీ చేయాలి. అనుమతి పత్రాలు తెలుగులో గోడకు అంటించని క్లినిక్‌ను మూయించాలి. వసూలు చేసిన ఫీజు తిరిగి ఇప్పించాలి. మూలకణాలు ఉంటాయని చెప్పి బొడ్డుతాడు రక్తం దాచమని గర్భిణులను వెంటాడే ప్రకటనలకూ అడ్డుకట్ట పడాలి. తలసేమియాతో పుట్టిన బిడ్డకు తన బొడ్డుతాడు రక్తం పనికిరాదు, అందులోనూ అదే జన్యులోపం ఉంటుంది. ఆ బిడ్డకు కావలసింది సరిపోయే తోబుట్టువు ఎముక మజ్జ, దాన్ని ఎక్కించే ప్రభుత్వ వార్డు. విశాఖలో, కర్నూలులో, వరంగల్‌లో ఆ వార్డులు కావాలి. గర్భం దాల్చిన తొలి నెలల్లోనే భార్యాభర్తలిద్దరికీ తలసేమియా రక్తపరీక్ష ఉచితంగా చేయాలి.

మిమ్మల్ని ఎవరైనా ఇలాంటి ఇంజెక్షన్‌కు డబ్బు అడిగితే రసీదు తీసుకోండి. దాన్ని జతచేసి జిల్లా వైద్యాధికారికి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.