దూరం కాదు, సమయం తెలియాలి

రోడ్డు పక్కన కిలోమీటరు రాయి దూరం చెబుతుంది గాని ఎంతసేపు పడుతుందో చెప్పదు. వరంగల్ నుంచి మేడారం సుమారు 100 కిలోమీటర్లు. మామూలు రోజున రెండు, రెండున్నర గంటల దారి. జాతర నాడు అదే దారికి ఎన్ని గంటలు పడుతుందో బయలుదేరిన వారికి తెలియదు.

ఇతర దేశాలలో రహదారుల మీద ఎలక్ట్రానిక్ బోర్డులు 'ఫలానా ఊరికి 40 నిమిషాలు' అని ముందే తెలుపుతున్నవి. ఇందులో మర్మమేమీ లేదు. ఒక బండి ఒక చోట ఎప్పుడు దాటింది, మరొక చోట ఎప్పుడు దాటింది అన్నది కెమెరాలు, ఫాస్టాగ్ వంటి సాధనాలతో గుర్తించి, చాలా బండ్ల లెక్క తీసి చూపుతారు. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎలక్ట్రానిక్ బోర్డులున్నవి. ఆ సౌకర్యం పల్లె దారులకు ఎందుకు రాకూడదు?

2023 జూలై వానలకు కటాక్షపురం చెరువు మత్తడి నీరు రోడ్డెక్కి హనుమకొండ-ములుగు రాకపోకలు నిలిచిపోయినవి. ఆ సంగతి గూడెప్పాడ్ కూడలిలోనే తెలిస్తే ప్రయాణికులు పరకాల దారి పట్టవచ్చు, లేదా ఇంటికి మళ్లవచ్చు. నీటి ఒడ్డుకు చేరిన తర్వాత తెలిసి ప్రయోజనమేమి? ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తెచ్చే రైతుకు, ఎంజీఎం ఆసుపత్రికి రోగిని తెచ్చే వారికి గంట ఆలస్యం చిన్న విషయం కాదు.

సెల్‌ఫోనులో చూసుకోవచ్చు గదా అనేవారున్నారు. స్టీరింగు పట్టిన చేయి ఫోను పట్టరాదు. జాతర జనసందోహంలో సిగ్నలు దొరకడమూ కష్టమే.

అయితే బోర్డు పెట్టి చేతులు దులుపుకుంటే చాలదు. గంట అని చూపి మూడు గంటలు పడితే మరునాడు దానిని ఎవరూ నమ్మరు. అక్షరాలు తెలుగులో, పెద్దవిగా, ఒక్క చూపులో చదివేటట్లు ఉండాలి. నాయకుల శుభాకాంక్షలకు ఆ బోర్డును వాడరాదు.

గూడెప్పాడ్, గట్టమ్మ గుడి, పస్రా కూడళ్లలో ముందుగా వీటిని నెలకొల్పడం అవసరం. జాతర రెండేళ్లకొకసారి వస్తుంది, వాన ఏటా వస్తుంది. జాతీయ రహదారుల అధికారులు, జిల్లా కలెక్టర్లు, పోలీసు శాఖ కలిసి ఆలోచించి తగు చర్య తీసుకోవలసిందిగా ప్రజల పక్షాన కోరుతున్నాము.