మందు ఒకటే అయినప్పుడు శిక్షణ వద్దా?

అమెరికాలో పశువైద్యులకు ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందుల) శిక్షణ అక్కర్లేదన్న మీ పత్రిక వ్యాసంతో సగమే ఏకీభవిస్తాను. 2022 డిసెంబరు నాటి చట్టం, మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ వద్ద నమోదైన వైద్యులకు 8 గంటల శిక్షణ తప్పనిసరి చేస్తూ, కేవలం పశువైద్యం చేసేవారిని మినహాయించింది. ఆ పాఠాల్లో ఎక్కువ భాగం మనుషుల వ్యసన చికిత్సే కనుక అది న్యాయమే. కానీ కుక్క దగ్గుకిచ్చే హైడ్రోకోడోన్, నొప్పికిచ్చే ట్రమడాల్ మనుషులు మింగేవే. పైగా చాలా క్లినిక్కుల్లో డాక్టరే మందు చేతికిస్తారు. మధ్యలో ఫార్మసిస్టు కన్ను పడదు. "మాత్రలు సింకులో పడిపోయాయండీ" అంటూ నెల మందుకు పది రోజులకే తిరిగొచ్చిన యజమానిని ఎలా అర్థం చేసుకోవాలి? దగ్గు ముదిరిందా, మందు కుక్కకు అందడమే లేదా?

శిక్షణ పేరుతో బెదిరిస్తే డాక్టర్లు నొప్పి మందే మానేస్తారని కొందరి భయం. మూగజీవి తన బాధ చెప్పుకోలేదు కనుక ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేం. అయితే ఓపియాయిడ్ ఎప్పుడు తప్పదో, ఎప్పుడు వేరే మందు చాలునో స్పష్టంగా తెలిసినవారు జంకరు. 2018లోనే అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పశువైద్యుల కోసం ఈ విషయంపై సూచనలు విడుదల చేసింది. రాష్ట్రాల లైసెన్సు బోర్డులు రెన్యువల్ కోర్సుల్లో రెండు గంటలు దీనికి కేటాయించాలని, ఆ పాఠం పశువైద్యుల చేతే రాయించాలని నా విన్నపం.