జలసంధిలో ఫిరంగులు, బజారులో సీతాఫలం

తైవాన్ జలసంధిలో చైనా యుద్ధనౌకలు కదిలాయనగానే వర్తకుల చూపు ఓడ కిరాయిల మీదికీ, బీమా రేట్ల మీదికీ పోవడం రివాజు. 1996 మార్చిలో కీలుంగ్, కావోసియుంగ్ రేవుల దరిదాపుల్లో క్షిపణులు పడినప్పుడూ ఇంతే. 2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైపే నుంచి వెళ్లిన మర్నాడు దీవి చుట్టూ విన్యాసాలు మొదలైనప్పుడూ ఇంతే. ఆ క్షిపణులు సముద్రంలో పడ్డాయి. గురి తప్పకుండా తగులుతున్నవి కస్టమ్స్ ఉత్తర్వులు.

2021 ఫిబ్రవరి 26న, మార్చి 1 నుంచి తైవాన్ అనాసపండ్లు దిగుమతి చేసుకోబోమని చైనా ప్రకటించింది. పురుగు ఉందన్నది కారణం. ఇచ్చిన వ్యవధి మూడు రోజులు, అదీ కోత ముంగిట. అంతకు ముందు ఏడాది తైవాన్ ఎగుమతి చేసిన సుమారు 45 వేల టన్నుల్లో నూటికి 90 వంతులకు పైగా చైనాకే పోయింది. మొత్తం పంటలో ఎగుమతి పదో వంతే కావచ్చు. ఆ పదో వంతు ఒక్కసారిగా స్థానిక బజారులో పడితే ధర ఏమవుతుందో మండీలో కూర్చునేవారికి చెప్పనక్కర్లేదు. జపాన్ కొనుగోళ్లు పెంచింది, స్వదేశంలో జనం పట్టుదలగా కొన్నారు, గండం గడిచింది. సెప్టెంబరులో సీతాఫలం వంతు వచ్చింది. దీనికి అనాసకున్న ఓపిక లేదు. కళ్లు విచ్చిన కాయ బేరం కుదిరేదాకా ఆగదు.

పిండినల్లి ఉండే ఉంటుంది, ఏ తోటలో లేదు? కాని 2022 ఆగస్టులో నారింజ జాతి పండ్లతో పాటు ఇసుక ఎగుమతి కూడా ఆపారు. ఇసుకకు పిండినల్లి పట్టదు. తన ఫ్యాక్టరీలకు కావలసిన సెమీకండక్టర్ చిప్‌ల జోలికి మాత్రం చైనా పోలేదు. ఇసుక దెబ్బ అసలు తగలనే లేదు. 2007లో ఒకసారి ఆపినప్పుడు తైవాన్‌లో ధర పెరిగింది; 2022 నాటికి అక్కడి వాడకంలో చైనా ఇసుక నూటికి ఒక వంతు కూడా లేదు.

పండ్ల విషయంలో తైపే ప్రభుత్వాలు ఈ జాగ్రత్త ఎందుకు పడలేదు? 2005లో చైనా 15 రకాల తైవాన్ పండ్లకు సుంకం ఎత్తివేసింది. ఎదుటి ఒడ్డునే సుంకం లేని గిరాకీ ఉండగా దూరపు బేరం వెతుక్కోమని రైతును అనడం న్యాయం కాదు. అది పాలకులు చేయవలసిన పని. పదిహేనేళ్లు, ఏ పార్టీ గద్దె మీద ఉన్నా, పని సగంలోనే నిలిచింది.

2023 జూన్‌లో నమోదైన తోటల సీతాఫలానికి మాత్రం చైనా తిరిగి అనుమతి ఇచ్చింది. తైతుంగ్ రైతులకు ఇది ఊరటే. అయితే ఏ తోటను జాబితాలో చేర్చాలో తేల్చేది కొనుగోలుదారే గనుక, నిషేధం కంటే ఈ అనుమతే ఎక్కువ ప్రమాదం. 2024 సెప్టెంబరు 25 నుంచి 34 వ్యవసాయ, మత్స్య ఉత్పత్తులకు సుంకం మినహాయింపు రద్దయింది. తెరిచిన దారి మీద 15 నెలలకే సుంకం గేటు పడింది.